అంచు కొయ్యొద్దన్న పుస్తకం

నేను ప్రొద్దుటూరులో పుస్తకాలు బైండింగ్ చేస్తాను. దయ్యాలూ గియ్యాలూ నాకు నమ్మకం లేదు. అందరూ ముందు ఇట్లాగే అంటారులే అని మీరు అనుకుంటారని తెలుసు, అందుకని నా తరఫు సాక్ష్యం కూడా చెప్పేస్తాను. మా ఇల్లు ఖబరస్తాన్ గోడకు ఆనుకుని ఉంది. చిన్నప్పుడు ఆ గోడ మీదే బొగ్గుతో వికెట్లు గీసి క్రికెట్ ఆడేవాళ్ళం. బంతి లోపల పడితే గోడ దూకి తెచ్చుకునే పని నాదే. ఇన్నేళ్ళలో ఒక్క దయ్యం కూడా ఆ బంతిని తిరిగి విసిరిన పాపాన పోలేదు.

మా ఆవిడ రేష్మా మాత్రం నా వాటా కూడా కలిపి నమ్ముతుంది. మిక్సీ తిరక్కపోతే దిష్టి అంటుంది. ఒకసారి మిక్సీకి తాయెత్తు కూడా కట్టింది. ఆ తర్వాత మెకానిక్కుకు చూపించింది, అది వేరే సంగతి.

ఇక జరిగింది చెప్తాను. ముందు కేశవులు సార్ గురించి చెప్పాలి.

సార్ది జమ్మలమడుగు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఇరవై ఏళ్ళుగా నా దగ్గరే పుస్తకాలు కట్టిస్తారు. ఆయన తెచ్చేవన్నీ ఒకే రకం. మాటల్లేని సినిమాల కాలం గురించి, ఆ సినిమాలకు పుట్టిల్లయిన మద్రాసు గురించి. మూకీలు తీసిన తోటలు, అవి ఆడిన టెంట్లు, ఆ ఊరి ట్రాములు, వీధులు. తెలుగువి, ఇంగ్లీషువి, ఆయనకు చదవడం రాని తమిళంలోవి కూడా. తమిళం ఎందుకు సార్ అని అడిగితే బొమ్మలుంటాయి కదప్పా అనేవారు.

ఇంతా చేసి ఆయనకు సినిమా అంటే ఇష్టం లేదు. పెళ్ళయిన కొత్తలో రెండింటికి పోయి రెండింట్లోనూ నిద్రపోయారట. మద్రాసుకు కూడా జన్మలో ఒక్కసారే పోయారు, అదీ కంటి ఆపరేషనుకు. ఆటో ఎక్కి డ్రైవరుకు పుస్తకాల్లో చదువుకున్న పాత వీధుల పేర్లు చెప్పి, ట్రాములు మళ్ళే చోట ఆపమన్నారట. ఆసుపత్రికి పోవాల్సిన మనిషి హార్బరు దగ్గర తేలారు. ఈ కథ ఆయన నాకు నవ్వుతూ పదిసార్లు చెప్పుంటారు.

నవ్వుతూ చెప్పని సంగతి ఒకటుంది. అది ఒక్కసారే చెప్పారు.

సార్ వాళ్ళ జేజినాయన, అంటే తండ్రికి తండ్రి, పేరు ఓబులేసు. ఆయన వయసులో ఉండగా ఇల్లొదిలి మద్రాసు పోయి, మూకీ సినిమాలు ఆడే టెంటులో తెర పక్కన నిలబడి కథ చెప్పే పని చేశాడట. అప్పట్లో తెర మీద బొమ్మ కదిలేదే గానీ మాట్లాడేది కాదు. మధ్యమధ్య ఇంగ్లీషు అక్షరాలు వచ్చేవి. అవేమిటో జనానికి తెలియాలి కదా. అందుకని ఒక మనిషి చేతిలో పొడుగాటి కర్ర పట్టుకుని, "అదిగో వాడే దొంగ, ఇదిగో ఈయమ్మ వాని పెండ్లాము" అని చూపించి చెప్పేవాడు. ఓబులేసు చెప్తే తెల్లదొర కూడా మా పక్క వేముల రైతు మాదిరి మాట్లాడేవాడట. దొరసాని అత్తగారింటి మీద అలిగేదట. తర్వాత మాటల సినిమాలు వచ్చాయి. "బొమ్మకు నోరొచ్చె, నన్ను ఇంటికి పొమ్మనిరి" అనేవాడట ముసలాయన.

ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు. బొంకుల ఓబులేసు అని పేరు పెట్టారు. ఎవడైనా అబద్ధం చెప్తే "మద్రాసు పోయొచ్చినావా" అనేవాళ్ళు. సార్ బడికి పోయే వయసులో పిల్లలు ఆయన్ను బొంకుల మనవడు అని ఏడిపించేవాళ్ళు. ఒకరోజు అది తట్టుకోలేక, సార్ టీ హోటలు ముందు పదిమంది ఉండగా జేజినాయన మొహం మీదే అడిగేశారట. "నువ్వు యాడ చూసినావు మద్రాసు? ఎర్రగుంట్ల రైలు స్టేషనన్నా చూసింటివా?" అని.

ముసలాయన తిన్నగా ఇంటికి పోయి, మద్రాసు నుంచి తెచ్చుకున్న కర్రను అటక మీద పడేశాడు. ఆ తర్వాత ఒక్క కథ కూడా చెప్పలేదు. ఏడాది తిరక్కుండా పోయాడు.

సార్ కొన్న పుస్తకాలన్నీ అందుకే. ఎక్కడో ఒక చోట, ఒక్క లైనులో, ఫలానా మనిషి ఫలానా టెంటులో కథ చెప్పేవాడని ఉంటుందేమోనని. యాభై ఏళ్ళు వెతికారు. దొరకలేదు. ఈ కథ జరిగేనాటికే ఆయనకు కంట్లో నీటికాసులు. కుడి కన్ను పోయింది. ఎడమ కన్ను ఎన్నాళ్ళుంటుందో డాక్టర్లు చెప్పలేదు. అంటే చదివి వెతకడానికి మిగిలింది కొన్నాళ్ళే.

పోయిన ఎండాకాలం సార్ ఒక కట్ట పట్టుకుని వచ్చారు. పులివెందులలో ఒక ప్లీడరుగారు పోతే, వాళ్ళ ఇంట్లోవాళ్ళు పుస్తకాలన్నీ పాత పేపర్ల కింద వేసేస్తున్నారని తెలిసి బస్సెక్కి పోయారట. అట్టలేదు, కుట్టులేదు. మడతలు పెట్టిన కాగితాల కట్ట, పురికొసతో కట్టి ఉంది. మూకీల కాలం గురించి ఎవరో మద్రాసులో ఎప్పుడో అచ్చు వేయించుకున్న తెలుగు పుస్తకం. చిత్రమేమిటంటే ఆ పుస్తకం సార్ దగ్గర ముందే ఉంది. పాత కుట్టు ఊడిపోతే నేనే మళ్ళీ కట్టాను. కాకపోతే దాని మధ్య పేజీలు చెదలు తినేశాయి.

"ఉండే పుస్తకాన్నే మళ్ళా కొన్న మొగుడు నాకొక్కదానికే ఉండాడని మా ఇంటామె సాధిస్తాంది బాషా" అన్నారు. "చెదలు తినిన పేజీలు దీంట్లో ఉండాయి. అందుకని తెచ్చినా."

ఇక్కడ నా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఒకే పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చు వేసి, దాన్ని మడతలు పెడితే వచ్చే చిన్న కట్టను మేం ఫారం అంటాం. ఫారాలను వరసగా పేర్చి కుట్టి, మూడు పక్కలా అంచులు కోస్తేనే పేజీలు విడివడతాయి. కొయ్యకపోతే పైనా పక్కనా మడతలతో మూసుకుపోయి, కింద మాత్రం సంచి మూతిలాగా తెరుచుకుని ఉంటాయి. సార్ తెచ్చిన పుస్తకంలో ఒక్క ఫారం కూడా కొయ్యలేదు. అచ్చయిన రోజు నుంచి ఆ పేజీలను ఎవరూ తెరవలేదన్నమాట. ఇది గుర్తుపెట్టుకోండి.

మడతలు వంకరగా ఉన్నాయి. నేరుగా కోత మిషన్లో పెడితే అక్షరాలు తెగిపోతాయి. అందుకని ముందు బ్లేడుతో ఒక్కో మడతా విప్పి, తర్వాత సాపు చేసి మూడు పక్కలా కొయ్యాలని అనుకున్నాం. "పాతదాని సైజుకే కొయ్యప్పా, రెండూ పక్కపక్కన పెట్టుకుంటా" అని చెప్పి సార్ బస్సుకు పోయారు.

మరుసటి రోజు మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టాను. మే నెల. కరెంటు లేదు. వీధిలో కుక్క కూడా లేదు. దయ్యమన్నదే ఉంటే దానికి కూడా ఆ ఎండలో బయటికి రాబుద్ధి కాదు. అంగట్లో నేనొక్కడినే ఉన్నాను. నిద్ర మత్తులో లేను, అప్పుడే టీ తాగాను.

మొదటి రెండు ఫారాలు మామూలుగా తెగాయి. మూడో ఫారం మడత విప్పితే లోపలి పేజీ పక్కన పెన్సిలు రాత కనిపించింది. అక్షరాలు పెద్దవి, గుండ్రటివి. అప్పుడే పలక దిద్దడం నేర్చినవాళ్ళు రాసినట్టు ఉన్నాయి. పుస్తకంలో టెంటు వాకిలి తూర్పుకు ఉండేదని రాసి ఉంటే, దాని పక్కన ఇట్లా ఉంది: "అబద్ధం. ఆ పక్క కాదు, ఈ పక్క."

ఎవరో చదివినవాళ్ళు రాసుకున్నారులే అనుకుని తిప్పేశాను. లైబ్రరీ పుస్తకాలు ఎన్ని కట్టుంటాను, మనవాళ్ళు పక్కన రాయని పుస్తకం ఉందా? రెండు పేజీలు పోయాక గుర్తొచ్చింది. చదివినవాళ్ళెవరు? కొయ్యని ఫారాన్ని ఎవరు చదువుతారు?

మళ్ళీ వెనక్కి తిప్పి చూశాను. వేలితో రుద్దితే కొంచెం అంటింది. పెన్సిలే.

నాలుగో ఫారంలో, ప్రేక్షకులు నిశ్శబ్దంగా కూర్చుని చూసేవారని ఉన్న చోట: "ఎవురు చెప్పినారు నీకు? ఒకటే అరుపులు." ఇంకో పేజీలో, కథ చెప్పేవాళ్ళు ఇంగ్లీషు బాగా చదువుకున్న పెద్దమనుషులని రాసి ఉంది. దాని పక్కన రెండే అక్షరాలు: "ఆఁ, ఆఁ."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులో బ్లేడు జారి ఎడమ బొటనవేలు తెగింది. ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, అంత లోతుగా ఎప్పుడూ కోసుకోలేదు. గుడ్డ పీలిక చుట్టుకుని, పట్టుదలకు పోయి, ఆ మడతనే పూర్తిగా విప్పాను. లోపల ఉంది:

"నిదానంగా కొయ్యప్పా, చెయ్యి తెగుతాది."

చాలాసేపు ఆ వాక్యాన్ని చూస్తూ కూర్చున్నాను. తర్వాత నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. అచ్చు వేసిన ప్రెస్సులో ఎవడో తుంటరివాడు, కాగితం మడతపెట్టకముందే రాసి ఉంటాడు. మన సీమవాడే అయ్యుంటాడు. ఇట్లాంటి పుస్తకం ఎవడు విప్పినా బ్లేడుతోనే విప్పాలి కదా, అందుకని సరదాకు జాగ్రత్త చెప్పాడు. ఇందులో వింతేముంది? బాగానే ఉందనిపించింది. ధైర్యంగా తర్వాతి మడత విప్పాను.

"చెప్తినా లేదా."

అబద్ధమెందుకు, లేచి అంగడి బయటికొచ్చి నిలబడ్డాను. ఎండలో కాసేపు నిలబడితే ఎట్లాంటి ఆలోచనైనా ఇంకిపోతుంది. లోపలికొచ్చి పరీక్ష చేశాను. ఒక తెల్ల కాగితాన్ని అట్లాగే ఫారంగా మడిచి, అరిగిపోయిన పెన్సిలు ముక్క పట్టుకుని, కింది నుంచి చెయ్యి దూర్చి లోపల రాయడానికి చూశాను. ఒక్క "అ" రాసేసరికి కాగితం చినిగింది. అదే సమయానికి కాలేజీ అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు కోసం వచ్చింది. చెయ్యి కాగితం సంచిలో ఇరుక్కుని, ఇంకో చేతికి రక్తం గుడ్డతో నన్ను చూసి, "రేపొస్తాలే అంకుల్" అని పోయింది.

ఏడో ఫారంలో ఒక పెద్ద ఫొటో వచ్చింది. టెంటు లోపలి భాగం. నేల మీద జనం, ఎదురుగా తెర. ఫొటో పేజీ అంచు దాకా ఉంది. దాని కింద పెన్సిలుతో:

"అంచు కొయ్యొద్దు. నేను ఆడనే ఉండా."

ఇది నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదు కాబట్టే ఎక్కువ భయమేసింది. సార్కు ఫోన్ చేశాను.

"సార్, మీ పుస్తకంలో అంచు కొయ్యొద్దని రాసుంది."

"ఎవురు రాసినారప్పా?"

"తెల్దు సార్. కొయ్యని పేజీలో ఉండాది."

సార్ వెంటనే, "బాషా, ఎండలో తిరిగినావా? మజ్జిగ తాగి పడుకో. మూడు పక్కలా సాపుగా కొయ్యి, రేపు పొద్దున్నే వస్తా" అని పెట్టేశారు.

గిరాకీ కొయ్యమన్నాడు. పుస్తకం కొయ్యొద్దంది. డబ్బులిచ్చేది గిరాకీ. చివరి ఫారం ఒకటి విప్పకుండా మిగిలింది, దాన్ని ఎట్లాగూ మిషనే విప్పుతుందిలే అని పేర్చేశాను. పుస్తకాన్ని మిషన్లో పెట్టి, సార్ చెప్పిపోయిన పాతదాని కొలతకు గీత సరిచూసుకుని, పైనుంచి బిగించాను. చక్రం మీద చెయ్యి వేశాను. ఒక్క తిప్పు తిప్పితే పని అయిపోతుంది. కట్టు కట్టిన వేలు సలుపుతోంది. తిప్పలేకపోయాను. నాకు ఎవరూ కనపడలేదు, ఏ గొంతూ వినపడలేదు, ఆ మాట కచ్చితంగా చెప్తాను. చెయ్యి రాలేదు, అంతే. బిగింపు వదులు చేసి, పుస్తకం తీసి అలమరలో పెట్టి, అంగడి మూసి ఇంటికి పోయాను.

ఇంట్లో వేలు చూసి రేష్మా అడిగితే జరిగింది చెప్పాను. అదే నేను చేసిన తప్పు. మా ఇంట్లో మాట ఉర్దూలో నడుస్తుంది. తను అన్నదాన్ని తెలుగులో పెడితే ఇట్లా ఉంటుంది: "కొయ్యొద్దని మర్యాదగా రాసి పెట్టినా అర్థం కాని మనిషికి దయ్యం మాత్రం ఏం చెప్తుంది?" అని, నిమ్మకాయ ఒకటి తిప్పి పడేసింది. తాయెత్తు కట్టించుకోలేదు. కట్టించుకోవడానికి ఒప్పుకున్నాను, దారం దొరకలేదు.

మరుసటి రోజు తొమ్మిదికల్లా సార్ వచ్చారు. చంకలో పాత పుస్తకం ఉంది, పక్కపక్కన పెట్టి సైజు చూసుకుందామని. నేను కొయ్యలేదని చెప్పేసరికి మొహం ముడుచుకున్నారు. నేను ఆ రాతలేవీ చూపించకుండా, ముందు రెండు పుస్తకాల్లోనూ టెంటు ఫొటో పేజీ తీసి బల్ల మీద పెట్టాను. ఎందుకట్లా చేశానో తెలియదు. రాసినవాడు అంచు అన్నాడు కాబట్టి అంచు చూద్దామనిపించిందేమో.

చూడగానే నా కంటికి తేడా తెలిసింది. ఇది నా పని కాబట్టి తెలిసింది. పాత పుస్తకంలో ఫొటో వేలెడంత తక్కువగా ఉంది. అప్పట్లో ఎవరో కట్టేటప్పుడు, పేజీలు సాపు చెయ్యడానికి అంచు కోసేశారు. ఫొటో అంచు దాకా ఉంది కదా, దాంతోపాటు ఆ వేలెడూ పోయింది. అన్ని పుస్తకాల్లోనూ అంతే పోయి ఉంటుంది. దీన్ని ఎవరూ కట్టలేదు కాబట్టి, దీంట్లో మిగిలింది.

ఆ వేలెడు పట్టీలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

తెర పక్కన, జనం వైపు తిరిగి, నోరు తెరిచి ఏదో చెప్తున్నాడు. చేతిలో పొడుగాటి కర్ర ఉంది. పాత పుస్తకంలో ఆ కర్ర కొస ఒక్కటే మిగిలింది. సార్ ఆ కొసను వందసార్లు చూసి, టెంటు గుంజ అనుకున్నారట.

సార్ జేబులోంచి భూతద్దం తీశారు. ఎడమ కన్ను దగ్గర పెట్టుకుని, పేజీ మీదికి వంగిపోయారు. ఎంతకీ లేవలేదు.

"తలగుడ్డ కొస యాడుండాది బాషా? నువ్వు చూడు. నా కన్నును నేను నమ్మను."

"కుడి చెవి మీదికి ఉంది సార్."

"మా జేజినాయనకు చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలి కుడి చెవి తెగింది. అది కనపడకుండా తలగుడ్డ కొస దాని మీదికి వేసుకునేటోడు." సార్ భూతద్దం నా వైపు చాపారు. "కర్రకు కట్లు ఉండాయా?"

భూతద్దం తీసుకుని నేను చూశాను. కర్ర మీద మెరుస్తున్న గీతలు ఉన్నాయి. లెక్కపెట్టాను, మూడు. చెప్పాను.

సార్ వాళ్ళింటికి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టారు. ఆయన భార్య లక్ష్మమ్మ ఎత్తింది.

"అటక మీదుండే జేజినాయన కర్ర యాడుండాది?"

"అటక మీద యాడుండాది, ఇరవై ఏండ్లుగా దండేనికి ఆనించింటి కదా. గుడ్డలు తడివి ఉండాయి దాని మీద. ఏంది సంగతి?"

"దానికి ఇత్తడి కట్లు ఎన్నుండాయో చూసి చెప్పు."

"చూసేదేముండాది, దినామూ చూసేదే కదా. మూడు. ఎందుకు, దాన్ని గూడ ఎవునికన్నా ఇచ్చి పుస్తకం తెస్తావా?"

సార్ ఫోన్ పెట్టకుండానే ఏడ్చేశారు. డెబ్భై దాటిన మనిషి నా మైదా గంజి డబ్బా పక్కన కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "ఉండాడు బాషా, ఆడనే ఉండాడు. యాభై ఏండ్లు అక్షరాల్లో వెతికితి, అంచున ఉండాడు" అన్నారు. అవతల లక్ష్మమ్మ "ఏమాయ, ఏమాయ, ఆ బాషాకు ఫోనియ్యి" అని అరుస్తోంది. నాకు కూడా కళ్ళు తడిశాయి. నిన్న చక్రం తిప్పి ఉంటే ఆ మనిషి కాగితం ముక్కల బస్తాలో ఉండేవాడు. ఆ బస్తాను పొద్దున్నే వేరుశెనక్కాయలమ్మే ఆయన తీసుకుపోయాడు.

సార్ తేరుకున్నాక అప్పుడు పెన్సిలు రాతలు చూపించాను. మూడో ఫారం నుంచి వరసగా. తుంటరివాడి సిద్ధాంతం కూడా చెప్పాను. ఆయన ఒక్కొక్కటీ భూతద్దంతో చదువుతూ పోయారు. "ఆఁ, ఆఁ" దగ్గర నవ్వారు. "అచ్చం ఆయన మాటే" అన్నారు. ఇక తేలిపోయిందనుకుని అడిగాను.

"మీ జేజినాయన చేతిరాతేనా సార్?"

సార్ భూతద్దం కింద పెట్టి నన్ను అదోలా చూశారు.

"మా జేజినాయనకు అక్షరం ముక్క రాదప్పా. యాడ సంతకం పెట్టమన్నా వేలిముద్రే."

నాకు మొదట అర్థం కాలేదు. "మరి తెర మీద ఇంగ్లీషు అక్షరాలు చదివి చెప్పేవాడన్నారు కదా?"

"చదివినాడని ఎవురన్నారు? చెప్పేటోడు అంటి. ఆ దొర ఏమన్నాడో ఈయనకేం తెలుసు? బొమ్మ చూసి, నోటికొచ్చింది చెప్పేటోడు. జనం దానికే వచ్చేటోళ్ళంట." సార్ మళ్ళీ నవ్వడం మొదలుపెట్టారు. "అంటే బొంకుల ఓబులేసు అనేది ఒగ రకంగా నిజమే. మద్రాసు విషయంలో కాదు, అంతే."

ఆ నవ్వులో నేను కలవలేకపోయాను. పేజీలో మనిషి ఓబులేసు. "నేను ఆడనే ఉండా" అన్నది ఆ మనిషే అనుకోవాలి. ఆ మనిషికి రాయడం రాదు. మరి రాసిందెవరు?

"పోయినాక నేర్చుకున్నాడేమో బాషా" అన్నారు సార్, ఆ పిల్లవాడి రాతలాంటి అక్షరాలను వేలితో తడుముతూ. "శానా టైముంటాది కదా ఆడ."

తర్వాత నా చెవి మీది పెన్సిలు అడిగి తీసుకున్నారు. ఫొటో కింద, ఆ రాతకు దిగువన, కన్ను పేజీకి ఆనించి చాలాసేపు రాశారు. "జేజినాయనా, నువ్వు బొంకలే. ఆ పొద్దు పదిమందిలో బొంకింది నేను. తప్పైంది." వాక్యం కొంచెం వంకరగా పోయింది.

పుస్తకం ఎట్లా కట్టాలో సార్ అప్పుడు చెప్పారు. ఏ పక్కా కొయ్యొద్దు. విప్పకుండా మిగిలిన చివరి ఫారం కూడా అట్లాగే ఉండనీ. "ఆయన ఏమన్నా తిరిగి రాయాలంటే చోటు ఉండొద్దా?" అన్నారు. కుట్టి, కాలికో గుడ్డ అట్ట వేసి ఇచ్చాను. నా జన్మలో అంత అసహ్యమైన పుస్తకం కట్టలేదు. అంచులన్నీ ఎగుడుదిగుడు. లోపల నా అంగడి ముద్ర వెయ్యడానికి మొహమాటపడి వెయ్యలేదు.

అది జరిగి ఏడాది దాటింది. సార్ ఎడమ కన్ను కూడా పోయింది. అయినా రెండు నెలలకొకసారి, జేజినాయన కర్ర చేతిలో పట్టుకుని బస్సు దిగుతారు. లక్ష్మమ్మ దండేనికి వేరే కర్ర చూసుకుంది. అంగట్లో కూర్చుని, పుస్తకం నా చేతికిస్తారు. నేను చివరి ఫారాన్ని కింది నుంచి కొంచెం ఎత్తి, సెల్‌ఫోన్ లైటు వేసి లోపలికి తొంగి చూడాలి. "ఏమన్నా వచ్చిందా బాషా?" అంటారు. "ఏం లేదు సార్" అంటాను. టీ తాగి వెళ్ళిపోతారు. అయిదుసార్లు అంతే జరిగింది. అయిదుసార్లూ తెల్ల అంచు తప్ప ఏమీ లేదు. ఇది నేను ఎవరి ముందైనా ప్రమాణం చేసి చెప్తాను.

మొన్న ఆరోసారి వచ్చినప్పుడు ఉంది.

కింది మూలకు, మడతకు దగ్గరగా, ఆ గుండ్రటి అక్షరాలే. కొంచెం మెరుగుపడ్డాయి కూడా. లైటు అటూ ఇటూ తిప్పి చదివాను. సార్ సంతోషం కోసం నేను అల్లి చెప్పానని మీరు అనుకోవచ్చు. నాకూ అట్లా అనుకోవాలనే ఉంది, కానీ సార్ టీ తాగుతుండగా నా ఫోన్లో తీసుకున్న ఫొటో ఉంది. రాత్రి రేష్మాకు చూపిస్తే, నేనేమీ చెప్పకముందే తనూ అదే చదివింది. ఎవరు రాశారో, ఎట్లా రాశారో, ఎప్పుడు రాశారో నాకు తెలియదు. ప్రెస్సు తుంటరివాడి మీద ఇక మోపలేను. దయ్యాలను నమ్మనని మొదట్లో అన్నాను. ఆ మాట ఇప్పుడు గట్టిగా అనమంటే కొంచెం ఆగి అంటాను.

"ఏందప్పా, పలకవు?" అన్నారు సార్ ఆరోజు.

"ఉంది సార్."

కర్ర మీద ఆయన చేతులు బిగుసుకున్నాయి. "ఏముండాది?"

చదివి వినిపించాను. "తొందరేం లేదు. నా కాడికి నిదానంగా రా నాయనా."

సార్ కనపడని కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. తర్వాత మొహమంతా నవ్వు పరుచుకుంది. కర్రను గోడకు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

"అయితే ఈ పొద్దు రెండు టీలు చెప్పు బాషా" అన్నారు. "సాయంత్రం బస్సుకు పోతా."